కంప్యూటరు ఇంజనీరింగు విద్య - ఉప్పల్, నాచారం

హైదరాబాదు నగరానికి తూర్పున గల ఉప్పల్, నాచారం ప్రాంతాల విద్యార్థులలో చాలామంది కంప్యూటరు ఇంజనీరింగును రెండు దిక్కులలో అభ్యసిస్తున్నారు. పడమట తార్నాక దాటిన వెంటనే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము, తూర్పున వరంగల్లు రహదారి వెంట ఘట్‌కేసర్ వరకు విస్తరించిన ప్రైవేటు కళాశాలలు కలవు. విశ్వవిద్యాలయ కళాశాల ఇచ్చే పట్టా బి.ఇ. కాగా, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలలలో చదివినవారికి బి.టెక్. లభిస్తుంది. ఈ రెండింటికీ పేరులో తప్ప విలువలో భేదం లేదు.

నేపథ్యము

ఈ ప్రాంతానికి కంప్యూటరుతో పరిచయం కళాశాలల వలన కలిగినది కాదు. నాచారం నుండి మల్లాపూర్ మీదుగా ఉత్తరానికి వెళ్ళే దారిలో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఇ.సి.ఐ.ఎల్.) ఉన్నది. 1967లో స్థాపించబడిన ఈ ప్రభుత్వ సంస్థ 1969లో వెలువడిన టీడీసీ-12 మొదలుకొని టీడీసీ-312, టీడీసీ-316 అను స్వదేశీ కంప్యూటర్లను తయారుచేసినది. సంస్థకు తొలినాటి సారథి అయ్యగారి సాంబశివరావు పేరు మీదనే సమీపంలోని ఎ.ఎస్.రావు నగర్ వెలసినది.

ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో ఆరంభమై, 1947లో ఇప్పటి భవనానికి తరలినది. సివిల్, మెకానికల్ వంటి పాత శాఖలతో పోల్చితే కంప్యూటరు శాఖ చాలా ఆలస్యంగా వచ్చినది. 1990ల చివర ప్రైవేటు కళాశాలలు పెరిగాయి. ఘట్‌కేసర్ వద్ద యంనంపేటలో శ్రీనిధి కళాశాల 1997లోను, వెంకటాపూర్‌లో సి.వి.ఎస్.ఆర్. కళాశాల 2002లోను నెలకొన్నాయి. రెండవది 2020లో అనురాగ్ విశ్వవిద్యాలయమైనది.

ప్రవేశము, రుసుము

ఇంటర్మీడియటులో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు ప్రవేశపరీక్ష వ్రాయాలి. చిరకాలం ఎంసెట్‌గా పిలువబడిన ఈ పరీక్ష పేరు తెలంగాణలో 2024 నుండి ఎప్‌సెట్‌గా మారినది. మొత్తం 160 ప్రశ్నలలో సగం, అనగా 80, గణితమునకు చెందినవి. పాలిటెక్నిక్ డిప్లొమా పొందినవారు ఇసెట్ ద్వారా నేరుగా రెండవ సంవత్సరంలో చేరవచ్చును. ప్రైవేటు కళాశాలలలో 70 శాతం సీట్లు కన్వీనరు కోటాలోనివి, మిగిలినవి యాజమాన్య కోటాలోనివి.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విస్తరించిన బోధనా రుసుముల చెల్లింపు పథకం వలన కూలీల, చిరుద్యోగుల పిల్లలు ఈ చదువులో అడుగుపెట్టగలిగారు. అయితే ప్రభుత్వ చెల్లింపులు ఆలస్యమైనపుడు ఆ భారం తిరిగి విద్యార్థిపైనే పడుతున్నది. చదువు ముగిసినా ధ్రువపత్రాలు చేతికి రాక ఉద్యోగంలో చేరలేనివారు ఉన్నారు. సీటు ఎంచుకునే ముందు కుటుంబములు ఈ విషయం కూడా ఆలోచించడం మేలు.

పాఠ్యక్రమము

నాలుగు సంవత్సరాల చదువు ఎనిమిది సెమిస్టర్లుగా సాగుతుంది. మొదటి సంవత్సరం గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, సి భాషలో ప్రోగ్రామింగు, ఇంజనీరింగు డ్రాయింగు ఉంటాయి. కంప్యూటరు చదవడానికి వచ్చినవాడు వర్క్‌షాపులో చెక్క చిత్రిక పట్టవలసి రావడం కొందరికి వింతగా తోచును. అసలు విషయాలైన డేటా స్ట్రక్చర్లు, కంప్యూటరు నిర్మాణం, ఆపరేటింగు సిస్టములు, డేటాబేసులు, నెట్‌వర్కులు, కంపైలర్లు తరువాత వస్తాయి. చివరి సంవత్సరంలో ప్రాజెక్టు చేయాలి. 2020 తరువాత కృత్రిమ మేధ, డేటా సైన్సు, సైబర్ భద్రత పేర్లతో వేరు శాఖలు వచ్చాయి. వీటి మొదటి రెండు సంవత్సరాల పాఠ్యాంశాలు చాలావరకు కంప్యూటరు సైన్సువే కనుక పేరును చూసి మోసపోరాదు.

బోధనా భాష

తెలుగు మాధ్యమ విద్యార్థికి అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. ప్రవేశపరీక్ష ప్రశ్నలు తెలుగులోనూ లభిస్తాయి, కాని కళాశాలలో మొదటి రోజు నుండి బోధన ఆంగ్లమే. తెలుగు అకాడమి పుస్తకాలలో మాత్రిక, నిర్ధారకం, అవకలనం, సమాకలనం అని నేర్చినవాడికి మాట్రిక్స్, డిటర్మినెంట్, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ అనగానే తెలిసిన లెక్క కూడా తెలియనిదిగా కనబడుతుంది. గణితంలో ప్రమేయం అని చదివిన ఫంక్షన్, సి భాషలో ఒక పనిని చేసే ఆదేశాల సముదాయానికి పేరై మరింత తికమక పెడుతుంది. మొదటి సెమిస్టరులో తప్పినవారందరూ లెక్కలు రానివారు కారు. ఉభయ భాషల పదాలను పక్కపక్కన వ్రాసుకొన్న ఒక చిన్న నోటుపుస్తకం మొదటి రెండు నెలలు ఎంతో అక్కరకు వస్తుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైనదనీ, శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా అనువాద సంస్థను నడిపినదనీ ఇక్కడ గుర్తుచేసుకొనవచ్చును. 1948 తరువాత ఆంగ్లం ఆ స్థానం తీసుకొన్నది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2021లో తెలుగుతో సహా భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతినిచ్చినది. ఉప్పల్ పరిసరాల కళాశాలలలో మాత్రం ఆంగ్ల బోధనయే కొనసాగుతున్నది.