పాటకు బొమ్మ తోడా, అడ్డా? హై రిజల్యూషన్ డిస్కుల కథ



మన పెద్దవాళ్ల ఇళ్లలో మిగిలిన పాత కేసెట్లు, స్పూలు టేపులు ఉన్నాయి కదా. పెళ్లిపాటలు, మంగళహారతులు, హరికథలు. వాటిని మంచి నాణ్యతతో ఒక డిస్కుగా తేవాలని సంఘంలో మాట నడుస్తోంది. దానితోపాటు ఒక వాదమూ నడుస్తోంది. వీడియో కూడా పెడదామని కొందరు, పాటకే చోటు చాలదు, బొమ్మ ఎందుకని కొందరు. ఈ తగువు మనతో మొదలైంది కాదు. జపాన్, యూరప్, అమెరికా కంపెనీలు దీని మీద ఏళ్ల తరబడి చేతులు కాల్చుకున్నాయి. ఆ కథ తెలిస్తే మన నిర్ణయం సులువవుతుందని ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

కథ అట్ట దగ్గర మొదలవుతుంది. 78 రికార్డు రోజుల్లో ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే. అందుకే త్యాగరాజ కీర్తనలు కూడా కుదించి పాడాల్సి వచ్చేది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చాక ఒక వైపే ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. దానికి 12 అంగుళాల అట్ట. ముందు బొమ్మ, వెనక వాద్యకారుల పేర్లు, పాటల గురించి నాలుగు మాటలు. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' అట్ట మీద పాటల సాహిత్యం మొత్తం అచ్చువేశారు. వినేవాళ్లు అట్టను ఒళ్లో పెట్టుకుని చదువుతూ వినేవారు. బొమ్మ ఉంది, కానీ పాట దారికి అడ్డం రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

1982 అక్టోబరులో జపాన్‌లో సీడీ అమ్మకానికి వచ్చింది. డిస్కు 12 సెంటీమీటర్లకు తగ్గింది, అట్ట అరచేతి అంతైంది. పోయిన ఆ అట్టను డిస్కులోకే ఎక్కించాలనే ఆరాటం అప్పటినుంచీ ఉందని నాకనిపిస్తుంది. 1985 ప్రాంతంలో సీడీ ప్లస్ జీ వచ్చింది. పాటతోపాటు డిస్కులో నడిచే సబ్‌కోడ్ అనే సన్నని దారిలో అక్షరాలు, చిన్న బొమ్మలు పంపేవారు. పాట చోటు ఏమీ తినలేదు. కరావోకే వాళ్లకు అది బాగా పనికొచ్చింది.

1987లో వచ్చిన సీడీ వీడియో సంగతి వేరు. బంగారు రంగు డిస్కు. అందులో 20 నిమిషాల పాట, 5 నిమిషాల బొమ్మ. మామూలు సీడీలో 74 నిమిషాల పాట పడుతుంది. అంటే ఐదు నిమిషాల బొమ్మ కోసం 54 నిమిషాల పాట చోటు వదులుకున్నట్టు. పైగా ఆ బొమ్మ చూడాలంటే వేరే ప్లేయరు కొనాలి. అది నిలవలేదు.

అసలు పోటీ 1999లో మొదలైంది. సీడీ కన్నా మేలైన ధ్వని ఇస్తామని రెండు డిస్కులు ముందుకొచ్చాయి. సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చింది సూపర్ ఆడియో సీడీ. డీవీడీ పక్షం వాళ్లు ఖరారు చేసింది డీవీడీ ఆడియో. దాని ప్లేయర్లు మరుసటి ఏడాది, 2000లో దుకాణాలకు వచ్చాయి.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్లతో కొలుస్తుంది. డీవీడీ ఆడియో 24 బిట్లతో, స్టీరియోలో 1,92,000 సార్ల దాకా కొలవగలదు. ఆ పై స్థాయిలో, కుదింపు లేకుండా, 4.7 జీబీ డిస్కు దాదాపు 68 నిమిషాల్లో నిండిపోతుంది. సెకనుకు 5 మెగాబిట్ల లెక్కన 20 నిమిషాల వీడియో పెడితే 11 నిమిషాల పాట తగ్గాలి. కాబట్టి 'పాటకే చోటు చాలదు' అనే వాదంలో ఆ రోజుల్లో నిజం ఉంది.

కానీ డీవీడీ ఆడియో వినేవాళ్లకు ఎక్కువ చిరాకు పుట్టించింది చోటు కాదు, టీవీ. ఆ డిస్కుల్లో మెనూలు, ఫోటోలు, సాహిత్యం పెట్టారు. చాలావాటిలో స్టీరియో కావాలా, 5.1 కావాలా అని ఎంచుకోవాలంటే టీవీ వేసి మెనూలోకి వెళ్లాలి. కళ్లు మూసుకుని పాట వినాలని కూర్చున్నవాడి ఎదుట తెర వెలిగించి పెట్టారన్నమాట. సూపర్ ఆడియో సీడీ కాగితం మీద బొమ్మలకు చోటు ఉంచినా దాదాపుగా వాడలేదు. డిస్కు పెట్టు, మీట నొక్కు, అంతే. హైబ్రిడ్ డిస్కు అయితే పాత సీడీ ప్లేయరులోనూ పాడేది. పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' 2003లో అలాగే వచ్చింది.

అమెరికాలో 2004, 2005ల్లో డ్యుయల్ డిస్క్ వచ్చింది. ఒక వైపు సీడీ, మరో వైపు డీవీడీ, అందులో వీడియోలు. రెండూ అతికించేసరికి డిస్కు మందమైంది, సీడీ వైపు ప్రమాణానికి సరిపోలేదు. సీడీ ముద్ర వేసుకునే వీలు లేకపోయింది. కొన్ని కారు ప్లేయర్లలో ఇబ్బంది పెట్టింది. అన్నీ ఒకేచోట ఇవ్వబోయి అసలు పనికే చేటు తెచ్చుకోవడం అంటే ఇదే.

ఈ డిస్కులను వీడియోనే ముంచిందని అనడం న్యాయం కాదు. జనం అప్పటికే ఐపాడ్‌కు, ఎంపీత్రీకి మళ్లారు. రెండు డిస్కుల పోటీ కూడా కొనేవాణ్ణి తికమక పెట్టింది. బొమ్మ పనికొచ్చిన సందర్భమూ ఉంది. ఇంగ్లండు బృందం కింగ్ క్రిమ్సన్ 2009 నుంచి తమ పాత ఆల్బములను సీడీ, డీవీడీ ఆడియో జతగా మళ్లీ తెచ్చింది. 'రెడ్' ఆల్బముతో 1974లో ఫ్రెంచ్ టీవీలో వాయించిన కార్యక్రమం చేర్చారు. అది ప్రచారం కాదు, చరిత్ర. ఇంకెక్కడా సులువుగా దొరకని దృశ్యం.

చోటు బాధ తీర్చింది బ్లూరే. ఒక పొరలో 25 జీబీ. 2008లో నార్వేకు చెందిన 2ఎల్ సంస్థ పాటకోసమే బ్లూరే డిస్కు తెచ్చింది. 2013లో యూనివర్సల్ కూడా ఆ దారి పట్టింది. ఈ డిస్కుల్లో గొప్ప మార్పు ఒకటే. టీవీ అక్కర్లేదు. రిమోట్‌లో రంగు మీటలతో కావలసిన ధ్వని ఎంచుకోవచ్చు. తెర ఉంటే బొమ్మ, లేకపోతే పాట.

ఇక మన సంగతి. 24 బిట్లు, 96 వేల కొలతతో స్టీరియో పాట గంటకు సుమారు 2 జీబీ. నాలుగు గంటల పాటలున్నా బ్లూరేలో ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. కాబట్టి చోటు మీద గొడవ వద్దు. నేననేది మూడు మాటలు.

డిస్కు పెట్టగానే పాట మొదలవ్వాలి. టీవీ లేకుండా, మనవడి సాయం లేకుండా మన అవ్వలు వినగలగాలి.

బొమ్మ లేకపోతే అర్థం పోయేవాటికే బొమ్మ పెట్టాలి. హరికథలో దాసుగారి అడుగు, చిడతల విసురు, అభినయం చూడాలి. వీడియో ఉంటే తప్పక పెట్టండి. జోలపాటకు వీడియో ఏం చేస్తుంది? కార్యవర్గం ప్రసంగాలు మాత్రం వద్దు, నా మాటతో సహా.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. డిస్కుతోపాటు అచ్చు పుస్తకం కావాలి. ప్రతి పాటా తెలుగు లిపిలోనూ, కన్నడ లిపిలోనూ. మన ఇళ్లలో పిల్లలు తెలుగు మాట్లాడతారు, బడిలో చదివింది కన్నడ. వీడియో చూస్తే వాళ్లు మన పాటను చూస్తారు. పుస్తకం చేతిలో ఉంటే పాడతారు. ఎల్పీ అట్ట చేసిన పని అదే.

డబ్బు, శ్రమ ఎటు పెట్టాలో తేల్చుకోవలసి వస్తే, వీడియో ఎడిటింగు కన్నా ముందు ఆ పుస్తకానికి పెడదాం. మీ ఇంట్లో పాటల నోటుపుస్తకాలు ఉంటే చెప్పండి. మీరేమనుకుంటున్నారో కింద రాయండి.