హేలింగ్ నీళ్ళు

1983 వేసవిలో ఇంగ్లండు దక్షిణ తీరాన హేలింగ్ ద్వీపంలో నేను మొదటిసారి విండ్‌సర్ఫింగ్ పలక ఎక్కాను. ఎక్కడమేమిటి లెండి, పడటమే ఎక్కువ! 12 అడుగుల పలక. నీళ్ళలో పడ్డ తెరచాపను నూతిలో చేద తోడినట్టు తాడుతో పైకి లాగాలి. సాయంత్రానికి నడుం పట్టేసేది.

ఈ ఆట కాలిఫోర్నియాలోనే పుట్టిందనుకునేవాణ్ణి. హోయల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్‌లు 1968లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు కదా. కానీ ఇంగ్లండు అప్పీలు కోర్టు ఆ పేటెంటు ఇక్కడ చెల్లదంది. 1965లోనే అమెరికాలో న్యూమన్ డార్బీ ఇలాంటి పలక గురించి పత్రికలో రాశాడు. అంతకుముందే, 1958లో, పీటర్ చిల్వర్స్ అనే 12 ఏళ్ళ కుర్రాడు తన పలకకు తెరచాప కట్టుకుని తిరిగాడు.

ఎక్కడనుకున్నారు? నేను పడిలేచిన ఆ హేలింగ్ నీళ్ళలోనే! పలక ఎప్పుడో అమ్మేశాను. తాడు మాత్రం ఇంకా మా గరాజులో ఉంది.