భూకేంద్ర విశ్వం: అలెగ్జాండ్రియా నుండి హైదరాబాదు వరకు

భూమి విశ్వానికి నట్టనడుమ కదలక నిలిచి ఉన్నదనీ, సూర్యచంద్రులు, గ్రహాలు, నక్షత్రాలు దాని చుట్టూ తిరుగుతున్నాయనీ ప్రాచీన గ్రీకులలో అత్యధికులు భావించారు. ఈ మాట వినగానే నేటి విద్యార్థికి నవ్వు రావచ్చు. కాని అది తెలివిమాలిన ఊహ కాదు. పరిశీలన, తర్కం, గణితం ఆధారంగా లేచిన కట్టడం.

భూమి గుండ్రనిదని గ్రీకు పండితులకు తెలుసు. మాఘమాసపు రాత్రి గోదావరికి చేరువలోని నస్పూర్‌లో దక్షిణం వైపు చూస్తే అగస్త్య నక్షత్రం దిగంతం మీద సుమారు 18 డిగ్రీల ఎత్తు వరకు వస్తుంది. అరబ్బుల సుహైల్ ఇదే. ఏథెన్సులో ఇది కనిపించదు. రోడ్సు ద్వీపంలో దిగంతాన్ని ఒరసుకొని పోతుంది. అలెగ్జాండ్రియాలో మరికొంత పైకి వస్తుంది. ఈ తేడాను బట్టే క్రీ.పూ. 1వ శతాబ్దంలో పొసిడోనియస్ భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడు.

మరి భూమి కదలదని ఎందుకన్నారు? నిట్టనిలువుగా విసిరిన రాయి తిరిగి అక్కడే పడుతున్నది. భూమి చలిస్తే నక్షత్రాల స్థానాలలో మార్పు కనిపించాలి. అదీ కనిపించడం లేదు. అరిస్టాటిల్ వాదం ఇది. సామోస్ వాసి అరిస్టార్కస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే సూర్యుణ్ణి కేంద్రంగా చెప్పినా, ఆ మాటకు మన్నన దక్కలేదు. నక్షత్రాలు ఊహకందనంత దూరాన ఉండడమే అసలు కారణం. ఆ స్వల్పమైన మార్పును బెస్సెల్ కొలిచి ప్రకటించింది 1838లో.

క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ 13 భాగాల గ్రంథంలో ఈ విశ్వానికి గణితరూపం ఇచ్చాడు. గ్రహాలు ఒక్కొక్కప్పుడు వెనుకకు నడచినట్లు కనిపిస్తాయి. పెద్ద వృత్తం మీద చిన్న వృత్తాన్ని తిప్పి ఆయన ఆ వక్రగతిని లెక్కకు తెచ్చాడు. హజ్జాజ్ ఇబ్న్ మతర్ 9వ శతాబ్దంలో దానిని అరబ్బీలోకి తెచ్చాడు. తరువాత ఇస్‌హాఖ్ ఇబ్న్ హునైన్ చేసిన అనువాదాన్ని సాబిత్ ఇబ్న్ ఖుర్రా సరిదిద్దాడు. అల్ మజిస్తీ పేరుతో అది ప్రసిద్ధి పొందింది.

అనువాదమంటే అంధానుసరణ కాదు. 10వ శతాబ్దంలో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ టాలెమీ నక్షత్రాల పట్టికను స్వయంగా ఆకాశంతో పోల్చి, వాటి వెలుగుల అంచనాలను సవరించాడు. ఇబ్నుల్ హైసమ్ టాలెమీపై సందేహాలనే శీర్షికతోనే గ్రంథం వ్రాశాడు. మరాగా వేధశాలకు చెందిన నసీరుద్దీన్ తూసీ, డమాస్కసు వాసి ఇబ్నుష్షాతిర్ కొత్త నమూనాలు కల్పించారు. 1543లో వెలువడిన కోపర్నికస్ గ్రంథంలోని గణితం వీరి గణితాన్ని చాలా దగ్గరగా పోలి ఉన్నది. అయితే వీరెవ్వరూ భూమిని కేంద్రం నుండి తొలగించలేదు. అల్ బీరూనీ మాత్రం భూమి తిరుగుతుందన్న భారతీయ ఆర్యభటీయుల అభిప్రాయాన్ని పేర్కొని, దానివల్ల ఖగోళ గణితానికి లోపమేమీ రాదన్నాడు. అయినా అల్ ఖానూనుల్ మసూదీలో భూమి నిశ్చలమనే పక్షాన్నే సమర్థించాడు.

ఆ గ్రంథాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1954-56లో మూడు సంపుటాలుగా అచ్చువేసింది. 1888లో నెలకొన్న ఈ సంస్థ అస్సూఫీ నక్షత్ర గ్రంథాన్నీ 1954లో వెలువరించింది. అదే నగరంలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశాన్ని ఛాయాచిత్రాల ద్వారా నమోదు చేసే అంతర్జాతీయ కార్యంలో పాల్గొన్నది. భూమి కదలదన్న గ్రంథమూ, కదిలే భూమి మీదినుండి నక్షత్రాలను కొలిచే దూరదర్శినీ ఒకే ఊరిలో ఆదరణ పొందాయి. ఇందులో వైరుధ్యం లేదు.

టాలెమీ గోళాలు మదరసా పాఠ్యక్రమంలో చగ్మీనీ వ్యాఖ్యానం ద్వారా చాలాకాలం నిలిచాయి. చిరకాలం చదివిన పాఠం క్రమంగా విశ్వాసంలో భాగమన్న భ్రమ కలిగించే ప్రమాదం ఉన్నది. గ్రీకు తత్త్వాన్ని తీవ్రంగా విమర్శించిన ఇమామ్ గజ్జాలీయే, గణితంతో రుజువైన గ్రహణ కారణాలను మతం పేరిట కాదనడం మతానికే హాని అని హెచ్చరించాడు. పూర్వుల గ్రంథాన్ని భద్రపరచడం ఒక బాధ్యత. దానిని పరీక్షించడం మరొక బాధ్యత. అస్సూఫీ ఈ రెండింటినీ నెరవేర్చాడు. వారసులమని చెప్పుకొనేవారికి అంతకంటె తక్కువ పని సరిపోదు.