ఎప్సమ్ ఉప్పు నుంచి ప్రసూతి వార్డు దాకా

మెగ్నీషియం వైద్యంలో అడుగుపెట్టింది భేదిమందుగానే. 17వ శతాబ్దంలో లండన్ దగ్గరి ఎప్సమ్ ఊళ్లో చేదు నీళ్లు తాగడానికి జనం వెళ్లేవారు. ఆ నీటిలోని ఉప్పు, అంటే మెగ్నీషియం సల్ఫేట్ మీద నెహెమయా గ్రూ 1695లో ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. 1755లో జోసెఫ్ బ్లాక్ మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) వేరు, సున్నం వేరు అని తేల్చాడు. 1808లో హంఫ్రీ డేవీ మెగ్నీషియం లోహాన్ని విడదీశాడు. ఒంటికి అది తప్పనిసరి అని తెలియడానికి మాత్రం 20వ శతాబ్దం రావాల్సి వచ్చింది. 1930ల మొదట్లో అమెరికాలో మెకాలమ్ బృందం మెగ్నీషియం లేని తిండి పెట్టిన ఎలుకలు మూర్ఛలొచ్చి చచ్చిపోయాయి.

మూర్ఛ మాట వచ్చింది కాబట్టి గుర్రపువాతం (ఎక్లాంప్సియా) దగ్గర ఆగాలి. బీపీ పెరిగిన గర్భిణికి ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డల ప్రాణం మీదికి తెచ్చే ఈ జబ్బుకు 1906లోనే జర్మనీలో మెగ్నీషియం సల్ఫేట్ వాడి చూశారు. 1955లో అమెరికా వైద్యుడు జాక్ ప్రిచర్డ్ ప్రచురించిన మోతాదుల పద్ధతి నేటికీ మన ఆసుపత్రుల్లో ఆయన పేరుతోనే నడుస్తోంది. అయినా బ్రిటన్ వైద్యులు చాలాకాలం డయాజెపామ్ అనే మందు వైపే మొగ్గారు. వివాదం తేలింది 1995లో. భారత్ సహా పలు దేశాల్లో 1,687 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో, మళ్లీ ఫిట్స్ వచ్చే ముప్పు మెగ్నీషియంతో డయాజెపామ్ కంటే 52 శాతం, ఫెనిటాయిన్ అనే మరో మందు కంటే 67 శాతం తక్కువని తేలింది. 2002లో 10 వేలమందికి పైగా గర్భిణులపై జరిగిన మ్యాగ్‌పై పరీక్ష, ఫిట్స్ రాకముందే ఇస్తే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని చూపింది. చవక ఉప్పు కాబట్టే దీన్ని పరీక్షించే తొందర ఎవరికీ లేకపోయిందని నా అనుమానం.

గుండె విషయంలో కథ అడ్డం తిరిగింది. గుండెపోటు రోగులకు మెగ్నీషియం ఎక్కిస్తే మరణాలు 24 శాతం తగ్గాయని 1992లో బ్రిటన్‌లోని లెస్టర్ వైద్యులు ప్రకటించారు. 1995లోనే 58 వేలమందితో జరిగిన ఐసిస్-4 పరీక్షలో ఆ మేలు కనిపించలేదు. ప్రసూతి వార్డులో గెలిచిన ఏడాదే గుండె వార్డులో ఓడిపోయిందన్నమాట.

దీర్ఘకాలిక జబ్బుల సంగతి ఇంకా తేలలేదు. కఠినజలం తాగే ప్రాంతాల్లో గుండెజబ్బు మరణాలు తక్కువని 1960లో అమెరికాలో ష్రోడర్ గమనించినప్పటి నుంచి అనుమానం మెగ్నీషియం మీద ఉంది. తిండిలో అది ఎక్కువ తీసుకునేవారికి టైప్-2 మధుమేహం తక్కువగా వస్తోందని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ చక్కెర అదుపు తప్పితే మెగ్నీషియం మూత్రంలో ఎక్కువగా పోతుంది. మరి ఏది కారణం, ఏది ఫలితం? బీపీ మీద మాత్రల ప్రభావం సగటున 2 పాయింట్లే. పైగా ఒంట్లోని సుమారు 25 గ్రాముల మెగ్నీషియంలో ఒక్క శాతం కూడా రక్తద్రవంలో ఉండదు. కాబట్టి రక్తపరీక్ష బాగున్నా లోటు ఉండవచ్చు. అసిడిటీకి ఏళ్లతరబడి వాడే కొన్ని మాత్రలు ఈ లోటు తెస్తాయని 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

రాగులు, పెసలు, నువ్వులు, ఆకుకూరలు తినేవారు మాత్రల కోసం పరుగెత్తనక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్ను అడగకుండా మెగ్నీషియం మాత్రలు ముట్టుకోవద్దు.