బండి రాని హాల్టు

మొన్న పొరుగూరి కూటమికి వెళ్లి వస్తూ మేము కోటిపల్లి లైను మీద ఒక హాల్టు దగ్గర కాసేపు ఆగాము. ప్లాట్‌ఫారం నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి. టిక్కెట్లిచ్చే గదికి తాళం, ఆ తాళానికి తుప్పు. "పట్టాలున్నాయి కదండీ అయ్యగారూ, ఎప్పటికైనా బండి రాకపోద్దా?" అన్నాడు వడ్లు తిరగేస్తున్న రైతు.

వస్తుందని మేము గట్టిగా చెప్పలేకపోయాము. ఎందుకంటే ఈ లైనుకు ఒకసారి పట్టాలే పోయాయి.

కాకినాడ నుండి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున కోటిపల్లి వరకు 45 కిలోమీటర్లు. 1928లో వేశారు. కోటిపల్లి రేవులో దిగి గోదావరి దాటితే కోనసీమ. పన్నెండేళ్లు నడిచిందో లేదో, యుద్ధం వచ్చింది. 1940లో దొరల ప్రభుత్వం యుద్ధ అవసరాలకు ఇనుము కావాలని పట్టాలు పీకించి పట్టుకుపోయింది. ఎక్కడి యుద్ధం, ఎవరి ఊరి బండి! కేరళలో షోరనూరు–నీలంబూరు లైనుకూ అప్పట్లో ఇదే గతి పట్టింది. అయితే వాళ్లకు పదిహేనేళ్లు తిరక్కుండానే మళ్లీ వేశారు. మనకు 2004 దాకా, అంటే 64 ఏళ్లు పట్టింది. పట్టాలు పీకుతుంటే చూసిన పిల్లలు, తిరిగి వేసేసరికి తాతలు, అమ్మమ్మలు అయిపోయారు.

తిరిగి వచ్చింది కూడా పెద్ద రైలేమీ కాదు, ఒకే పెట్టె రైలుబస్సు. గేటు వచ్చినప్పుడల్లా బండి ఆపడం, మనిషి దిగి గేటు వేయడం, బండి దాటాక మళ్లీ తీసి ఎక్కడం. నవ్వుకున్నవాళ్లు ఉన్నారు, మేమూ నవ్వాము. కానీ కూరగాయల గంపతో ఆటోకు డబ్బులు పెట్టుకోలేని ముసలమ్మకు అదే దిక్కు. 2020 మార్చిలో కరోనా వచ్చి దేశమంతా బండ్లు ఆగినప్పుడు ఇదీ ఆగింది. తర్వాత పెద్ద లైన్లలో బండ్లు ఒక్కొక్కటే తిరగడం మొదలైంది. ఈ హాల్టు మాత్రం ఏళ్ల తరబడి ఎదురు చూస్తూనే ఉండిపోయింది.

కోటిపల్లి నుండి గోదావరి దాటించి నరసాపురం దాకా లైను పొడిగించాలని బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో పట్టుబట్టారు. 57 కిలోమీటర్ల ఆ పని మంజూరైంది. 2002లో ఆయన హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. వంతెన స్తంభాలు నీళ్లలో లేచేసరికి చాలా ఏళ్లు పట్టింది.

1940కి ముందు ఆ బండి ఎక్కినవాళ్ల సంగతులు మీ ఇళ్లలో ఎవరైనా విని ఉంటే, ఆదివారం ఆరాధన అయ్యాక మాకు చెప్పండి. ఆ రైతుకు కూడా చెప్పాలి.