స్టెప్పులకే మార్కులు

1904. కుంభకోణం గవర్నమెంటు కాలేజీలో ఎఫ్.ఏ. (అప్పటి ఇంటర్) మొదటి ఏడాది. రోమన్ల చరిత్ర పాఠం నడుస్తోంది. పదహారేళ్ల శ్రీనివాస రామానుజన్ చెవిన అది పడటం లేదు. అతని మనసంతా కార్ రాసిన లెక్కల పుస్తకంలో ఉంది. అందులో వేల సిద్ధాంతాలున్నాయి గానీ నిరూపణలు చాలా వాటికి లేవు. ఉన్నవైనా ఒకటి రెండు ముక్కల్లోనే. ఆ అలవాటే ఇతనికీ అబ్బింది. కాగితం కొనే స్తోమత లేక పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, జవాబు మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవాడు.

పరీక్ష హాల్లో వ్యాసం అడిగేది సరిగ్గా ఆ తుడిచేసిన భాగాన్నే. ఈ మాట ఎందుకన్నావు, దాని తర్వాత ఇదెలా వచ్చింది, గంట కొట్టేలోగా వరసగా రాసి చూపించు అంటుంది. అదీ ఇంగ్లీషులో. ఆ ఇంగ్లీషు వ్యాసం పేపరులో అతను తప్పాడు. స్కాలర్‌షిప్పు పోయింది.

తల్లి కోమలతమ్మాళ్ ప్రిన్సిపాల్ దగ్గరికే వెళ్లి వాదించింది. లెక్కల్లో నా బిడ్డంతటివాడు ఎవరున్నారని నిలదీసే ఉంటుంది. నిబంధన నిబంధనే అన్నారు. టర్ము ఫీజు 32 రూపాయలు. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా.

1905 ఆగస్టులో కుర్రాడు ఇంట్లో చెప్పకుండా రైలెక్కాడు. విశాఖపట్నం దారి. అప్పటికి కట్టి అయిదేళ్లయిన హేవలాక్ వంతెన మీదుగా గోదావరి దాటే ఉంటాడు. కన్నవాళ్లు పత్రికలో 'కనబడుటలేదు' అని వేయించాల్సి వచ్చింది. పరీక్ష తప్పిన పిల్లలు ఇల్లు విడిచిపోయారన్న వార్త ఇవాళ్టికీ మన పేపర్లలో చదువుతున్నాం. చదివిన ప్రతిసారీ నాకు ఆ రైలే గుర్తొస్తుంది.

తిరిగొచ్చాక 1906లో మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరాడు. లెక్కల్లో మూడు గంటల పేపరును అరగంటలో ముగించేవాడని జీవితచరిత్రకారులు రాశారు. మిగిలిన రెండున్నర గంటలను శరీరశాస్త్రం పేపరుకు మళ్లించే వీలుంటే ఎంత బాగుండేది! జీర్ణవ్యవస్థ గురించి రాయమంటే, ఈ పాఠం నాకే జీర్ణం కాలేదని రాసిచ్చాడంటారు. అందులో నూటికి పది మార్కులు కూడా రాలేదు. మరుసటి ఏడాది మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ తప్పాడు.

దిద్దినవాళ్లను నేను తప్పుపట్టను. తెల్లకాగితానికి మార్కులెవరు వేస్తారు? ఒక్క సబ్జెక్టు పోతే అన్నీ పోయినట్టే లెక్కగట్టిన ఆ నిబంధన మీదే నా కోపం.

అతనికి డిగ్రీ రావడానికి 1916 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలో గణితవేత్త హార్డీతో పనిచేస్తున్నాడు. ఆ మార్చిలో కేంబ్రిడ్జి అతనికి బి.ఏ. ఇచ్చింది. సంఖ్యల మీద రాసిన పరిశోధన పత్రాన్ని చూసి ఇచ్చింది. ఆ పత్రం రాయడానికి అతనికి గంటలు లెక్కపెట్టినవాళ్లు లేరు. స్టెప్పులు మాత్రం, హార్డీ పక్కన కూర్చుని, ఒక్కొక్కటే రాశాడు.