షెప్టన్ మాలెట్ తోటలోని తెల్లపూలు

ఇంగ్లండు దేశమున ఫిబ్రవరి మాసారంభమున, చెట్లింకను మోడులై నేల గడ్డకట్టి యుండగనే, పెరటిగోడల నీడను తల వాల్చి పూచెడు చిన్న తెల్లపువ్వు స్నోడ్రాప్. ఆ నేలపై దాని చనువును చూచినవారు అది అనాదిగా అచ్చటిదే యని తలంతురు. కాని 1597లో జాన్ జెరార్డ్ తన ఓషధీగ్రంథమున దీనిని వర్ణించుచు, ఇటలీ ప్రాంతముల అడవిమొక్క యనియు, లండను తోటలవారు దానిని ఏనాడో తమదిగా చేసికొనిరనియు వ్రాసెను. మఠవాసులైన క్రైస్తవ సన్న్యాసులు దీనిని తెచ్చి, ఫిబ్రవరి 2వ తేదీన వచ్చు మేరీమాత పండుగకు అందివచ్చునట్లు నాటిరని యొక వాడుక కలదు. పాడుపడిన మఠముల చెంత ఈ పూలు విరివిగా కానవచ్చుటయే దానికి ఆధారము. ఆధారము చాలదు గాని కథ అందమైనది.

పువ్వును చేతిలోనికి తీసికొని చూచిన, వెలుపల మూడు పొడవైన శ్వేతదళములు, వాని మాటున మూడు పొట్టిదళములు, ఆ పొట్టిదళముల కొసలయందు ఆకుపచ్చని గుర్తులు. ఎండ తగిలి గాలి కాస్త వేడెక్కిననే గాని వెలుపలి రేకులు విచ్చుకొనవు. గట్టిపడిన ఆకుకొనలు గడ్డకట్టిన మంటిని చీల్చుకొని వచ్చును. వేసవి నాటికి ఆకులన్నియు మాడిపోయి, దుంప మాత్రము నేలలో నిద్రించును. ఎండిన దుంపలను కొని నాటిన వానిలో పెక్కు మొలకెత్తవు. అందుచేత పూత ముగిసి ఆకులు పచ్చగా ఉన్నప్పుడే గుబురును త్రవ్వి, విడదీసి, వెంటనే నాటుట అచ్చటి తోటవారి ఆచారమైనది. ఇరుగుపొరుగులకు పంచిపెట్టుటయు ఆ అదనుననే.

19వ శతాబ్దిలో ఈ పెరటిముచ్చట వ్యసనముగా మారెను. 1853లో ఆరంభమై 1856లో ముగిసిన క్రిమియా యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులు కొందరు అచ్చటి వెడల్పాకుల జాతి దుంపలను వెంట తెచ్చుకొనిరి. గ్లాస్టర్‌షైర్‌లోని కోల్స్‌బోర్న్ భూస్వామి హెన్రీ జాన్ ఎల్వెస్ 1874లో స్మిర్నా నగర సమీపమున పర్వతములపై మరియొక పెద్ద పువ్వుల జాతిని చూచెను. దానికి అతని పేరే నిలిచినది.

వీరందరికంటె నా మనస్సును పట్టినవాడు సోమర్సెట్ మండలమున షెప్టన్ మాలెట్ అను చిన్న పట్టణమునకు చెందిన జేమ్స్ ఆలెన్. దొరికిన రకములనెల్ల ఒకచోట చేర్చి, వాని గింజలు విత్తి, క్రొత్త రకములను బుద్ధిపూర్వకముగ పుట్టించినవారిలో ఇతడే ప్రథముడని ప్రసిద్ధి. విత్తిన గింజ పూచుటకు మూడు నాలుగేండ్లు పట్టును గనుక, నూరుకు పైగా రకములను సాధించిన ఈతని ఓర్పు ఎట్టిదో ఊహింపవచ్చును. 1891లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీవారు ఈ పువ్వును గూర్చి సభ జరిపినప్పుడు ఆలెన్ తన అనుభవమును వివరించెను. అటుపిమ్మట బోట్రిటిస్ అను బూజు తెగులు ఆ తోటలో ప్రవేశించెను. ఒక్క చోట, ఒక్క జాతి, ఒత్తుగా నాటిన మడులు. తెగులునకు అంతకన్న అనువైన తావు లేదు. దుంపలు నేలలోనే కుళ్ళి, ఆయన సృష్టిలో అధికభాగము నశించినది. 1906లో ఆలెన్ కాలధర్మము చెందెను.

అయినను ‘మ్యాగ్నెట్’, ‘మెర్లిన్’, ‘రాబిన్ హుడ్’ అను ఆతని రకములు నేటికిని పూచుచున్నవి. ఇచ్చుటకు మనసు రాని లోభి గాడు ఆలెన్. అట్లు ఇతరుల తోటలకు ఇచ్చిన దుంపలే తెగులు వాతబడక మిగిలినవి. ‘మ్యాగ్నెట్’ పువ్వు సన్నని పొడవాటి తొడిమ నుండి వ్రేలాడుచు, ఏ కొంచెము గాలికైనను ఊగుచుండును.

డంఫ్రీస్‌కు చెందిన శామ్యూల్ ఆర్నాట్ అను స్కాట్లండువాడు ఎల్వెస్‌కు పంపిన ఒకానొక పువ్వు కథయు ఇట్టిదే. తేనెవాసన గల ఆ పువ్వు కోల్స్‌బోర్న్ నుండి వాల్టర్ బట్ అను అభిమాని తోటకు చేరి, ఆయన అచ్చోటు విడిచిపోయిన పిదప గూడ పెరుగుచునే యుండగా, ఆ యింట చేరిన మథయాస్ దంపతులు దానిని గుర్తించిరి; 1950ల ప్రాంతమున స్నోడ్రాప్ దుంపలకొరకే ఒక వ్యాపారసంస్థను నెలకొల్పి, తపాలా ద్వారా ఇంటింటికి పంపిరి. ఇప్పుడు ‘ఎస్. ఆర్నాట్’ లేని స్నోడ్రాప్ అభిమాని తోట అరుదు.